నీసు తగలని కుర్మా

పోయిన నెల మా మేనల్లుడి కొడుకు నన్ను విజయవాడలో కొత్తగా తెరిచిన ఒక బార్ అండ్ రెస్టారెంటుకి తీసుకెళ్ళాడు. వాడు హోటల్ మేనేజ్‌మెంటు చదువుతున్నాడు. జన్మంతా ఇలాంటి వంటిళ్ళలోనే గడిపిన ముసలాడు చూసి ముచ్చటపడతాడని వాడి ఆశ. మెనూ కార్డు పెళ్ళి శుభలేఖలా మెరుస్తోంది. శాకాహారం కింద పద్నాలుగు పేర్లున్నాయి. నేను మూడు చెప్పాను. మూడూ వచ్చాయి. మూడింట్లోనూ ఒకటే ఎర్ర గ్రేవీ. ఒకదాని మీద క్రీము గీశారు, ఒకదాని మీద కొత్తిమీర చల్లారు, మూడోదాని మీద ఏమీ లేదు. చల్లేవాడికి విసుగొచ్చి ఉంటుంది. దుంపలు పొద్దున ఉడకబెట్టి నీళ్ళలో పడేసినవి. నాలిక మీద పెట్టగానే తెలిసిపోయింది.

నేను చెంచా కింద పెట్టేశాను. వాడు నవ్వి, "బార్‌కి ఎవరూ కూరగాయల కోసం రారు కదా తాతయ్యా" అన్నాడు.

ఇదే మాట, ఇంచుమించు ఇదే నవ్వుతో, డెబ్భైల్లో మా ప్రొప్రైటరు గారి నోట విన్నాను. ఇన్నేళ్ళలో సీసాలు మారాయి, కుర్చీలు మారాయి, ఏసీలు వచ్చాయి. ఆ మాట మాత్రం చెక్కు చెదరలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఈ పనిలోకి వచ్చే పిల్లలు చదవాలి. నేను చదివింది నాలుగో తరగతి. ఆ తర్వాత తెలుగు పప్పులు కట్టిచ్చిన కాగితాల మీదా, ఇంగ్లీషు బ్రాందీ సీసాల మీదా నేర్చుకున్నాను. కాబట్టి రాతలో తప్పులుంటే సర్దుకోండి. చేసిన తప్పు మాత్రం ఎవరూ సర్దుకోనక్కర్లేదు.

అన్నీ ఒకే డేక్సాలోంచి

మాది వన్ టౌన్‌లో ఒక లాడ్జి కింద బార్. మద్యనిషేధం పోయి ఎక్కువ కాలం కాలేదు. తాగడం అప్పటికింకా ఎవరన్నా చూస్తారేమోనని భయపడుతూ చేసే పనే. ముందు గదిలో ఎర్ర బల్బులు, వెనక వంటిల్లు, వంటింటి వెనక మురిక్కాలవ. పెద్ద వంటవాడు రహీం భాయ్, బందరు మనిషి. బిర్యానీ, కోడి, మటన్ ఆయనవి. ఆయన కింద నేను. ఎవరికీ అక్కర్లేని పనులన్నీ నావి. అందులో మొదటిది శాకాహారం.

కోళ్ళని ప్రొప్రైటరు గారు తెల్లవారకముందే స్వయంగా వెళ్ళి, రొమ్ము నొక్కి చూసి మరీ తెచ్చేవారు. కూరగాయల విషయంలో ఆయన పద్ధతి వేరు. మార్కెట్టు సర్దేసే వేళకి రిక్షావాణ్ణి పంపించేవారు. వాడు ముదిరిన బీన్సు, మెత్తబడ్డ క్యారెట్టు, మొలకలొచ్చిన దుంపలు ఒకే గోనెలో తెచ్చి పడేసేవాడు. పొద్దున్నే ఉడికించి నీళ్ళలో వేసి ఉంచాలి. సాయంత్రం ఎవడైనా అడిగితే ఉల్లిపాయ గ్రేవీలో తిప్పి ఇవ్వాలి. బీన్సు ఎక్కువుంటే వెజిటబుల్ కుర్మా, బఠాణీ ఎక్కువుంటే గ్రీన్ పీస్ మసాలా, రెండూ లేకపోతే ఆలూ మసాలా. గ్రేవీలోకి జీడిపప్పు అడిగితే వేరుశనగ గుళ్ళు ఇచ్చేవారు.

ఒకసారి ఒక మిరపకాయల వ్యాపారి ముగ్గురు స్నేహితులతో వచ్చాడు. వాళ్ళు ముగ్గురూ కోడి తిన్నారు, ఈయన ఒక్కడే శాకాహారి. పాపం, మూడు రకాలు తెప్పించుకున్నాడు. గిన్నెలు మూడూ వరసగా పెట్టుకుని కాసేపు చూసి సర్వర్ని పిలిచాడు.

"ఏవయ్యా, వీళ్ళు ముగ్గురూ అన్నదమ్ములా?"

"కాదండీ, ఇది కుర్మా, ఇది మసాలా..."

"మరి ముక్కులన్నీ ఒకేలా ఉన్నాయేంటి? తండ్రి ఒక్కడేనా?"

బార్ అంతా నవ్వింది. వంటింట్లో నేనూ నవ్వాను. ఆ మనిషి మాత్రం ఆ సాయంత్రం ఉల్లిపాయ ముక్కలూ నిమ్మకాయ నంజుకుని పూరీలు తిని వెళ్ళాడు. నలుగురిలో ఒకడు అర్ధాకలితో లేచి వెళ్ళడం అందరికీ నవ్వులాటే. ప్రొప్రైటరు గారికి ఈ సంగతి చెప్పి, కాస్త గసగసాలూ కొబ్బరీ తెప్పించమన్నాను.

"ఒరేయ్ యోహానూ, ఆ నలుగురూ ఎక్కడికెళ్ళాలో చెప్పేది కోడి తినేవాళ్ళురా. వీడు వాళ్ళెనక వస్తాడు. వచ్చాక ఏదో ఒకటి తింటాడు. బార్‌కొచ్చి కూరగాయలు అడిగేవాడికి నాలికేంటి?" అన్నారు.

ఆయన చెడ్డవాడు కాదు. మా నాన్నకి జబ్బు చేస్తే మందులు కొనిచ్చాడు. కానీ తినేవాళ్ళలో ఒక రకాన్ని మనుషుల కింద లెక్కేయలేదు. యజమానికి ఆ అలవాటుంటే వంటింటికి అంటుకుంటుంది. నాకూ అంటుకుంది.

కార్తీకం

ఏడాదిలో ఒక్క నెల మాత్రం ప్రొప్రైటరు గారి సూత్రం పనిచేసేది కాదు. కార్తీకం వస్తే మన జిల్లాల్లో చాలామంది మాంసం మానేస్తారు. మందు కూడా మానేసేవాళ్ళు మా వైపే రారు. మాంసం మాని మందు మానలేనివాళ్ళందరూ మా దగ్గరికే వచ్చేవాళ్ళు. సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, నక్షత్రాలు చూసి దణ్ణం పెట్టుకుని, అటునుంచి అటే వచ్చేవాళ్ళు కూడా ఉండేవారు. ఆ నెల మాకు ప్రతి టేబులూ శాకాహారమే. నా గిన్నెలు వెళ్ళినవి వెళ్ళినట్టే తిరిగొచ్చేవి.

నేను చేరిన రెండో ఏడు, కార్తీకం రెండో రోజున ప్రొప్రైటరు గారు తిరిగొచ్చిన గిన్నె ఒకటి తీసుకుని వంటింట్లోకి వచ్చారు.

"ఇంకోసారి ఇది తిరిగొచ్చిందంటే, దీంతో పాటు నువ్వూ పామర్రు బస్సెక్కు" అన్నారు.

మా పల్లె పామర్రు పక్కనే. అక్కడ మాకు సెంటు భూమి లేదు. నాన్న ఒంట్లో సత్తువ అయిపోయింది. ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు.

వెనక పొయ్యి మీద రహీం భాయ్ యఖ్నీ ఎప్పుడూ మరుగుతూ ఉండేది. యఖ్నీ అంటే కోడి మెడలూ ఎముకలూ గంటలకొద్దీ ఉడికించి వడకట్టిన నీళ్ళు. బిర్యానీలోకి, సూపులోకి వాడతారు. చూడటానికి పల్చటి తేనెరంగు నీళ్ళలా ఉంటుంది. మర్నాడు కుర్మాలో నీళ్ళు పోయాల్సిన చోట అది రెండు గరిటెలు పోశాను.

ఆ రోజు ఒక్క గిన్నె తిరిగి రాలేదు. సర్వరు వచ్చి, "ఏం చేశావురా, గిన్నెలు నాకేస్తున్నారు!" అన్నాడు. ప్రొప్రైటరు గారు భుజం తట్టారు. వాళ్ళు మానింది మాంసం కదా, ఇందులో ముక్క లేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. నేను కార్తీకం పాటించేవాణ్ణి కాదు, మాది క్రైస్తవ కుటుంబం, నాకేం తెలుస్తుంది అని కూడా అనుకున్నాను. ఇది పచ్చి అబద్ధం. మా అమ్మ ఈస్టరు ముందు శ్రమల దినాల్లో నలభై రోజులు నీసు ముట్టేది కాదు. నాకు అంతా తెలుసు.

కోటేశ్వరరావు గారు

పదిరోజులు పోయాక ఒక సాయంత్రం సర్వరు లోపలికొచ్చి, "ఎవరో మీ పామర్రు వైపు రైతంట, కుర్మా చేసినవాణ్ణి చూడాలంటున్నాడు" అన్నాడు.

చేతులు తుడుచుకుని వెళ్ళాను. మూల టేబుల్లో ఒక పెద్దమనిషి. మాసిన గడ్డం, నలిగిన పంచె, ముందు బ్రాందీ గ్లాసు. నేను ఆయన్ని గుర్తుపట్టాను, ఆయన నన్ను పట్టలేదు.

"ఏ ఊరు అబ్బాయ్?"

ఊరు చెప్పాను.

"మా ఊరేనా! ఎవరి తాలూకు?"

"పేటలో దావీదు కొడుకునండి."

ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. అదెందుకు ఆగిందో ఆ ఊరివాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. మా నాన్న కోటేశ్వరరావు గారి కళ్ళంలో ఇరవై ఏళ్ళు కుప్పలు నూర్చాడు. వాళ్ళ గుమ్మం ఒక్కసారి కూడా దాటలేదు. తర్వాత ఆయన మళ్ళీ ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు.

"దావీదు కొడుక్కి ఇంత చెయ్యి ఉందని ఎవరికి తెలుసు! ఒరేయ్, పొద్దుట్నించీ నేను తినేది ఇదొక్కటేరా" అన్నాడు.

భార్య సీతారావమ్మ గారిని పెద్దాసుపత్రిలో చేర్చారట. కడుపులో గడ్డ తీశారు, కుట్లు చీము పట్టాయి. పగలంతా ఆసుపత్రి వరండాలో కూర్చుంటాడు, చీకటిపడ్డాక వదినగారు ఉంటుంది, ఈయన మా పైన లాడ్జిలో పడుకుంటాడు. ఊళ్ళో చేను కోతకొస్తోంది, చూసే దిక్కు లేదు.

"మొక్కుకున్నాను. అది తన కాళ్ళమీద ఆసుపత్రి మెట్లు దిగేదాకా నీసు ముట్టనని. కార్తీకంతో పోయే మొక్కు కాదు, ఎన్నాళ్ళైతే అన్నాళ్ళు."

పక్కనున్న సర్వరు నోరు ఊరుకోదు. "మరి ఇదండీ?" అని గ్లాసు చూపించాడు.

"ఇది మానలేనని ఆ దేవుడికీ తెలుసురా సన్నాసీ! చేతకానిది మొక్కి మోసం చెయ్యడమెందుకు? కోడి లేని ఆదివారం నేనెరగను. అది మొక్కాను. నాకు కష్టమైందే ఇచ్చాను." తర్వాత నావైపు తిరిగాడు. "వీళ్ళ మాట నాకక్కర్లేదు. నువ్వు మనూరివాడివి, నువ్వు చెప్పు. ఇందులో నీసు తగల్లేదుగా? గరిటె గానీ, చెయ్యి గానీ?"

"తగల్లేదండీ" అన్నాను.

ఆలోచించుకోవడానికి టైము లేదని చెప్పను. ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగి ఉంది, నా మొహం వంక చూస్తూ కూర్చున్నాడు. కావలసినంత టైము ఉంది.

మర్నాడు యఖ్నీ మానేశాను. కొత్త గిన్నె, కొత్త గరిటె, ఉత్త నీళ్ళు. కోటేశ్వరరావు గారు రెండు ముద్దలు తిని వదిలేశాడు. "ఒంట్లో బాలేదా అబ్బాయ్? ఇది నీ చెయ్యి కాదు" అన్నాడు. ఆ తర్వాతి రోజూ అంతే. ఆ రోజే డాక్టర్లు కుట్లు విప్పి మళ్ళీ కుట్టాలన్నారట. ఖాళీ కడుపు మీద బ్రాందీ తాగి, గోడ పట్టుకుని మెట్లెక్కాడు.

మూడో రోజు యఖ్నీ మళ్ళీ పోశాను.

జాలిపడి పోశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. అందులో నిజం సగమే. నా చేతివంట బాగాలేదన్న మాట పడలేకపోయాను, అది మిగతా సగం. ఉద్యోగ భయం ఎలాగూ ఉంది. ఎముకల నీళ్ళు లేకుండా కుర్మాకి రుచి తేవడం అసాధ్యమా? కాదు. ఉల్లిపాయ ఓపిగ్గా వేయించాలి, కూరగాయ అప్పుడే తరగాలి, గసగసాలు నూరాలి. ఆ ఓపిక తర్వాత నేర్చుకున్నాను. అప్పుడు నాకు దగ్గరి దారి తెలుసు, అది ఎదురుగానే మరుగుతోంది. మొదట ఆయన మొక్కు సంగతి తెలియక పెట్టాను. ఆ తర్వాత పెట్టింది, ఆయన లాడ్జి ఖాళీ చేసేదాకా పెట్టింది, తెలిసి పెట్టాను. ఆయన ప్రతి సాయంత్రం గిన్నె ఊడ్చుకుని తినేవాడు. లేచేముందు వంటింటి వైపు చూసి చెయ్యి ఎత్తేవాడు.

రహీం భాయ్ అన్నం

యఖ్నీ తగ్గడం రహీం భాయ్ కనిపెట్టాడు. ఒక మధ్యాహ్నం నన్ను పొయ్యి దగ్గర పట్టుకున్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"ఆ మూల టేబులాయన నిన్ను అడిగాడా, తనంతట తనే అనుకున్నాడా?"

"అడిగాడు భాయ్."

"ఏం చెప్పావ్?"

"తగల్లేదని."

ఆయన యఖ్నీ మీద మూత పెట్టాడు. "అడక్కపోతే అది వేరే సంగతి. అడిగాడు కదా యోహానూ. మరి నేను రోజూ నీ చేత్తో పెట్టిందే తింటున్నా. హలాలేనా అని నిన్ను ఎన్నిసార్లు అడిగుంటాను?"

"మీకు నేనెందుకు..."

"ఆయనకి మాత్రం ఎందుకు?"

అంతే. ప్రొప్రైటరుకి చెప్పలేదు, ఎవరితోనూ అనలేదు. ఆ మర్నాటి నుంచి తన అన్నం తనే చిన్న గిన్నెలో వండుకునేవాడు. ఆ తర్వాత మేమిద్దరం ఆరేళ్ళు ఒకే పొయ్యి దగ్గర పనిచేశాం. నాకు బిర్యానీ నేర్పాడు, దమ్ము పట్టడం నేర్పాడు, నా పెళ్ళికొచ్చి కొత్త బట్టలు పెట్టాడు. నా చేత్తో పెట్టింది మాత్రం మళ్ళీ తినలేదు. పెళ్ళిలో కూడా అరటిపండు ఒలుచుకు తిన్నాడు.

నాకు పడిన శిక్ష అదొక్కటే. పిల్లలూ, వంటవాడికి ఉద్యోగం పోతే ఇంకోటి దొరుకుతుంది.

జాజికాయ

సీతారావమ్మ గారు బతికింది. తన కాళ్ళమీదే ఆసుపత్రి మెట్లు దిగింది. కోటేశ్వరరావు గారు ఆ సంగతి చెప్పడానికి ముందు తలుపు నుంచి కాకుండా వెనక వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. గడ్డం గీయించుకున్నాడు. చేతిలో అరటిపళ్ళ అత్తం.

"మొక్కు నిలిచిందిరా! ఎక్కడా మాట తప్పలేదు. నీ చలవే" అన్నాడు.

రహీం భాయ్ అవతలికి తిరిగి ఉల్లిపాయలు తరుగుతున్నాడు.

ఆయన జేబులోంచి మందుల చీటీ తీసి, వెనకవైపు కుర్మా ఎలా చెయ్యాలో చెప్పమన్నాడు. ఇంటిదానికి చెప్తే నమ్మట్లేదు, చేయించి తినిపిస్తానన్నాడు. చెప్పాను. ఆయన ఒక్కొక్కటీ రాసుకున్నాడు. "ఎసరు ఏం పొయ్యాలి?" అని తలెత్తాడు.

"నీళ్ళేనండి. రెండు గ్లాసులు."

"నీళ్ళు. రెండు గ్లాసులు" అని రాసుకున్నాడు.

క్రిస్మస్‌కి మా పల్లె వెళ్ళాను. పండగ మర్నాడు పొద్దున్నే కోటేశ్వరరావు గారి పాలేరు వచ్చి, అయ్యగారు భోజనానికి రమ్మంటున్నారని చెప్పాడు. మా నాన్నకి అర్థం కాలేదు. "భోజనం పంపిస్తారా, రమ్మన్నారా?" అని రెండుసార్లు అడిగాడు. నాతో వచ్చాడు గానీ లోపలికి రాలేదు. "నిన్ను పిలిచారు, నువ్వెళ్ళు" అని గడ్డివాము దగ్గర నిలబడ్డాడు, ఎప్పుడూ నిలబడే చోటే.

నేను చెప్పులు విడిచి అరుగు దగ్గర ఆగాను. లోపలినుంచి సీతారావమ్మ గారు వచ్చింది. మనిషి పుల్లలా ఉంది, కానీ నడుస్తోంది.

"అక్కడే ఆగిపోయావేం నాయనా, లోపలికి రా. నా ప్రాణం నిలబెట్టినవాడివి" అంది.

గుమ్మం దాటాను. పీట వేసి, ఇంట్లో వాళ్ళు తినే కంచంలోనే వడ్డించింది. పక్కన ఆయన కూర్చున్నాడు. కుర్మా వేసింది. నేను తిన్నాను. మంచి కూరగాయలు, శ్రద్ధగా చేసిన వంట. మా బార్‌లో ఏనాడూ అంత మంచి సరుకు చూడలేదు. ఆయన రెండు ముద్దలు తిని నావైపు చూశాడు.

"వారం రోజుల్నించీ చేస్తోందిరా. అన్నీ నువ్వు చెప్పినట్టే. ఆ రుచి రావట్లేదు."

"ఏదో చెప్పడం మర్చిపోయి ఉంటావు నాయనా. ఒక్కసారి గుర్తు తెచ్చుకో" అంది ఆవిడ.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. అది నిజం. ఎవరు నమ్మినా నమ్మకపోయినా నిజం. తెరిచిన తలుపులోంచి గడ్డివాము కనిపిస్తోంది. మా నాన్న ఇటే చూస్తున్నాడు. ఆ ఇంటి లోపల నేను కూర్చున్న చోటు ఆయనకి కనిపిస్తున్నట్టుంది. తుండు తీసి మళ్ళీ భుజం మీద సరిగ్గా వేసుకున్నాడు. నేను చెబితే తప్పు యోహానుది అని ఊరుకోరు. ఇలాంటివాళ్ళని నమ్మితే ఇంతే అంటారు. ఆ గుమ్మం మూసుకునేది నా ఒక్కడి ముందే కాదు. అది కారణమో, సాకో నాకు ఇప్పటికీ తేలలేదు.

"జాజికాయండీ. చిటికెడు. చెప్పడం మర్చిపోయాను" అన్నాను.

"అదీ సంగతి!" అని ఆవిడ నుదురు కొట్టుకుంది. "నేను అంటూనే ఉన్నానుగా, ఏదో తగ్గిందని."

తర్వాత నేను వేరే హోటళ్ళకి మారాను. ఎక్కడ పనిచేసినా శాకాహారానికి వేరే పొయ్యి, వేరే గరిటె ఉంటేనే చేరేవాణ్ణి. దానికోసం రెండు ఉద్యోగాలు వదులుకున్నాను, యజమానులతో గొడవలు పడ్డాను. నన్ను ఛాదస్తం మనిషన్నారు. ఎవరికీ కారణం చెప్పలేదు. రహీం భాయ్ పోయాడు. కోటేశ్వరరావు గారు పోయాడు. సీతారావమ్మ గారు ఆయన తర్వాత కూడా చాలా కాలం బతికింది.

మా చెల్లెలు ఆ ఊళ్ళోనే ఉంటుంది. ఆ ఇంట్లో ఇప్పటికీ కార్తీకం వస్తే ఆ కుర్మా చేస్తారట. కోడళ్ళూ మనవరాళ్ళూ అందరూ నేర్చుకున్నారట. మొక్కు చెల్లించిన కూర కదా, ఎవరూ ఒక్కటి కూడా మార్చరట. జాజికాయతో సహా.

వెజిటబుల్ కుర్మాలో జాజికాయ నప్పదు. కాస్త ఎక్కువైతే చేదెక్కుతుంది. ఆ సంగతి ఏ వంటవాణ్ణి అడిగినా చెప్పేవాడు. వాళ్ళు నన్నడిగారు.